మిత్రుని చరిత్ర: ఫ్రూడ్‌కు కలిగిన ధర్మసందేహం

చచ్చినవాని కండ్లు చారెడని తెలుగువారి సామెత. బ్రతికి ఉన్నంతకాలం మామూలు కండ్లే. పోయిన మర్నాటి నుంచి చారెడవుతాయి. ఏ సంఘంవారి వార్షిక సంచిక తిరగవేసినా, ఛాయాపటం క్రింద అచ్చయిన పెద్దలందరూ దాతలే, శాంతస్వభావులే, ఆదర్శగృహస్థులే. ఆ ఇంటి ఆడవారు ఆ పుట చదివి ఏమనుకుంటారో ఎవరూ అడగరు. అట్లా అడగకపోవడంలోను ఒక ధర్మం లేకపోలేదు. పోయినవాడు లేచి వచ్చి సమాధానం చెప్పుకోలేడు. అతని బిడ్డలు ఊళ్ళో తలయెత్తుకొని తిరగాలి. ఇంటిగుట్టు లంకకు చేటన్నది అందరూ ఎరిగినదే.

ఈ మర్యాదను దాటి, తాను గురువుగా భావించిన మనిషి ఇంటిలోని దుఃఖాన్ని లోకానికి చెప్పి, ఆ పాపానికో పుణ్యానికో చనిపోయేవరకు నింద మోసినవాడు జేమ్స్ ఆంథొనీ ఫ్రూడ్. విక్టోరియా రాణి కాలంలో ఆంగ్లదేశ చరిత్రను జనం ఆసక్తితో చదివేటట్లు వ్రాసిన కొద్దిమందిలో ఆయన ఒకడు. థామస్ కార్లైల్ జీవితచరిత్రను నాలుగు సంపుటాలుగా రచించాడు. ఆ సంపుటాలు రేపిన కలహం ఇరవై యేండ్లు నడిచింది. కలహం చల్లారింది గాని దానిలోని ప్రశ్న మాత్రం చల్లారలేదు. మిత్రుని తప్పును మిత్రుడే వ్రాయవచ్చునా? ఆ తప్పును వ్రాయమని మిత్రుడే సగం నోటితో అడిగి ఉంటే ఏమి చేయాలి?

ఫ్రూడ్ 1818లో డెవన్ మండలంలో ఒక మతాధికారి ఇంట పుట్టాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి కఠినుడు. వెస్ట్‌మిన్‌స్టర్ పాఠశాలలో పెద్దపిల్లలు పెట్టిన బాధలతో బాల్యం గడిచింది. ఆక్స్‌ఫర్డులో చదివి అక్కడే ఎక్సెటర్ కళాశాలలో స్థానం సంపాదించాడు. 1849లో ‘నెమిసిస్ ఆఫ్ ఫెయిత్’ అనే నవల వ్రాశాడు. మతవిశ్వాసం సడలిన ఒక యువపురోహితుని కథ అది. ఆ కళాశాలలోనే ఒక ఉపాధ్యాయుడు విద్యార్థి చేతిలోని ప్రతిని లాగుకొని హాలులోని నిప్పులో పడవేశాడు. ఫ్రూడ్ ఉద్యోగం వదులుకొని వెళ్ళిపోవలసివచ్చింది. తండ్రి కూడ ఆదరించలేదు. ముప్ఫై యేండ్ల వయస్సులో, మనస్సులో ఉన్నది పైకి చెప్పినందుకు ఇల్లూ వృత్తీ రెండూ పోగొట్టుకొన్న మనిషి ఇతడు. తరువాతి కథ తెలుసుకొనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కార్లైల్ పరిచయం కలిగింది కూడ ఆ యేడే.

ఆపైన ఇరవై యేండ్లు ఆయన ఇంగ్లండు చరిత్రపై పని చేశాడు. ఊల్సీ పతనం మొదలు స్పెయిన్ నౌకాదళం ఓటమి వరకు గల కథ 1856 నుంచి 1870 దాకా పన్నెండు సంపుటాలుగా వెలువడింది. దానికోసం ఆయన స్పెయిన్‌లోని సిమాంకాస్ కోటలో ఉన్న రాజపత్రాలను స్వయంగా చదివాడు. అంతకు ముందు ఆంగ్ల చరిత్రకారులు ఆ కాగితాల జోలికి పోయింది చాలా తక్కువ. ఎనిమిదవ హెన్రీని లోకం క్రూరుడంటుంటే, అతని వైపు న్యాయం ఉందని వాదించాడు. మనుష్యులను నాటకంలో పాత్రల వలె నిలబెట్టి మాట్లాడించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

అందులోనే ఆయన లోపమూ ఉన్నది. పత్రాలను నకలు వ్రాసుకొనేటప్పుడు తొందర. ఉన్న మాటను కుదించి ఉన్నట్లే అచ్చువేయడం, తేదీలు తప్పడం, పేర్లు తారుమారు చేయడం జరుగుతూ వచ్చింది. ఫ్రీమన్ అనే మరొక చరిత్రకారుడు ‘సాటర్డే రివ్యూ’ పత్రికలో యేండ్ల తరబడి ఈ తప్పులను ఏరి చూపించాడు. ఆ విమర్శలో పాండిత్యం ఎంతో ద్వేషమూ అంత ఉన్నది. ఫ్రీమన్ తన సొంత ప్రతుల అంచుల్లో ఫ్రూడ్‌ను తిట్టిన తిట్లు తరువాత బయటపడ్డాయి. పండితులు కూడ ఇట్లా తిట్టుకుంటారా అని ఆశ్చర్యపడవలసినవి. విచిత్రమేమంటే, ఫ్రీమన్ తాను వ్రాతప్రతుల జోలికి పోయేవాడు కాడు. అచ్చయిన గ్రంథాలతోనే సరిపెట్టుకొనేవాడు. వ్రాతప్రతుల దుమ్ములో కూర్చున్నవానికే తప్పులు పడే అవకాశం ఎక్కువ. ఫ్రీమన్ 1892లో చనిపోగా, ఆక్స్‌ఫర్డులో ఆయన ఆచార్యపీఠం ఫ్రూడ్‌కే దక్కింది. అయినా అపకీర్తి పోలేదు. 1898లో ఇద్దరు ఫ్రెంచి పండితులు చరిత్ర రచనా పద్ధతిపై వ్రాసిన గ్రంథంలో, స్వభావసిద్ధమైన అజాగ్రత్తకు ‘ఫ్రూడ్ వ్యాధి’ అని పేరు పెట్టారు. ఒక మనిషి పేరు రోగానికి పెట్టడం కంటె పెద్ద శిక్ష చరిత్రకారునికి ఉండదు.

ఇక కార్లైల్ సంగతి. ‘ఫ్రెంచి విప్లవం’, వీరపూజను గూర్చిన ఉపన్యాసాలు మొదలైన గ్రంథాలతో ఆయన ఆంగ్లేయులకు ఒక ఋషి వంటివాడైనాడు. అబద్ధాన్ని సహించవద్దు, పని చెయ్యి అన్నవి ఆయన బోధలు. 1826లో జేన్ వెల్ష్‌ను వివాహమాడాడు. ఆమె వైద్యుని కుమార్తె, చదువుకొన్నది, చురుకైన మాటకారి. పెండ్లి అయిన కొద్దికాలానికి భర్తతో క్రెయిగెన్‌పుట్టక్ అనే ఒంటరి పల్లెప్రాంతంలో ఆరేండ్లు కాపురం చేసింది. అక్కడ రొట్టె కాల్చడం చేతకాక అర్ధరాత్రి దాటేవరకు పొయ్యి దగ్గర ఒంటరిగా కూర్చొని ఏడ్చిన సంగతి ఆమె తరువాత ఒక ఉత్తరంలో తానే వ్రాసుకొన్నది. 1834లో లండనులోని చెల్సీకి, చేనీ రో వీధిలోని ఇంటికి వచ్చారు. ఆ ఇంట్లో ఆమె పని ముఖ్యంగా భర్తకు శబ్దం వినబడకుండ చూడడం. ప్రక్కయింటి కోళ్ళు కూసినా, వీధిలో బండి పోయినా ఆయనకు వ్రాత సాగేది కాదు. చివరకు మేడపైన శబ్దం చొరని గది ఒకటి కట్టించారు. అది కూడ సరిగా ఫలించలేదు. ‘ఫ్రెడరిక్ చరిత్ర’ వ్రాసినన్నాళ్ళు ఆయన ఆ గదిలోనే. ఆమె క్రింద. దానికి తోడు, లేడీ ఆష్‌బర్టన్ అనే గొప్పయింటి స్త్రీ సభల్లో ఆయన ఎక్కువగా మసలడం జేన్ మనస్సును కోసివేసింది. ఆ బాధను ఆమె దినచర్యలో వ్రాసి దాచుకొన్నది.

1866 ఏప్రిల్ నెల మొదట్లో కార్లైల్ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఉపన్యసించి జనం నీరాజనాలు అందుకొన్నాడు. ఆయన ఇంకా స్కాట్లండులో ఉండగానే, ఏప్రిల్ 21న, లండనులోని హైడ్ పార్కులో జేన్ గుర్రపుబండిలో వెళ్తూ కూర్చున్నది కూర్చున్నట్లే ప్రాణం విడిచింది. బండివాడు కొంతసేపటికి గాని గమనించలేదు. డెబ్బది యేండ్ల వృద్ధుడు ఇంటికి తిరిగివచ్చి ఆమె కాగితాలు విప్పాడు. దినచర్య చదివాడు. నలువది యేండ్లు ప్రక్కనే ఉన్న మనిషిని తాను చూడలేదని అప్పుడు తెలిసింది. ఆ దుఃఖంలో ఆమె స్మృతులు వ్రాశాడు. ఆమె ఉత్తరాలన్నీ పోగుచేసి, ఒక్కొక్కదానికి తన తప్పు ఒప్పుకొంటూ వ్యాఖ్య వ్రాశాడు.

ఆ కాగితాలు ఏమి కావాలన్న విషయంలో మాత్రం ఆయన మనస్సు నిలకడగా లేదు. 1866లో ఆ స్మృతుల చివర, ఇది ఉన్నది ఉన్నట్లు అచ్చువేయవద్దని మిత్రులను గట్టిగా నిషేధించాడు. 1871లో కట్టను తెచ్చి ఫ్రూడ్ చేతికిచ్చి, తాను పోయిన తరువాత నీకు తోచినట్లు చేయమన్నాడు. 1873 నాటి వీలునామాలో తన జీవితచరిత్ర ఎవరూ వ్రాయకపోవడమే మేలని అన్నాడు. ఆ యేడే మిగిలిన కాగితాలన్నీ ఫ్రూడ్ ఇంటికి పంపి, చరిత్ర వ్రాయవలసిందని కోరాడు. ఒకే మనిషి, ఒకే విషయం, నాలుగు మాటలు. ఏ మాట పట్టుకొంటే ధర్మం?

ఫ్రూడ్ చెప్పిన దాని ప్రకారం, కార్లైల్ తరచు డాక్టర్ జాన్సన్ కథ తలచుకొనేవాడు. జాన్సన్ పడుచుతనంలో, ఊటాక్సెటర్ సంతలో పుస్తకాల అంగడికి తండ్రి తోడు రమ్మంటే గర్వం కొద్దీ పోలేదు. తండ్రి పోయాడు. ఎన్నో యేండ్ల తరువాత, పేరుప్రతిష్ఠలు వచ్చిన ముసలితనంలో, జాన్సన్ ఆ సంతకు వెళ్ళి, తండ్రి అంగడి ఉన్న చోటనే, వానలో, తలమీద టోపీ లేకుండ చాలసేపు నిలబడ్డాడు. జనం చూసి నవ్వినా కదలలేదు. కార్లైల్ కోరినది కూడ ఇటువంటి ప్రాయశ్చిత్తమేనని ఫ్రూడ్ నమ్మాడు.

ఈ పోలికలో ఒక తేడా ఉన్నది. జాన్సన్ తానే తడిశాడు. కార్లైల్ అంత పని చేయలేకపోయాడు. జేన్ పోయిన తరువాత ఆయన పదునాలుగేండ్లకు పైగా బ్రతికాడు. ఆ కాగితాలు తానే అచ్చువేయించుకోవచ్చు, లేదా తానే తగలబెట్టవచ్చు. రెండూ చేయక, నీకు తోచినట్లు చేయమని మరొకనికి అప్పగించాడు. అప్పగించినప్పుడు తాను ఉండనని, వాన కురిసేది ఆ మరొకని నెత్తిమీదనని ఆయనకు తెలియదనుకోవాలా? అబద్ధాన్ని సహించవద్దని లోకానికంతటికీ చెప్పిన మనిషి, తన ఇంటి నిజం దగ్గరకు వచ్చేసరికి తడబడ్డాడు. అది మానవసహజమే. ఆ తడబాటు ఖరీదు మాత్రం స్నేహితుడు చెల్లించాడు.

కార్లైల్ 1881 ఫిబ్రవరి 5న చనిపోయాడు. నెల తిరిగేసరికి స్మృతుల గ్రంథం అంగడికి వచ్చింది. 1882లో జీవితచరిత్ర మొదటి రెండు సంపుటాలు, 1883లో జేన్ ఉత్తరాలు మూడు సంపుటాలు, 1884లో జీవితచరిత్ర చివరి రెండు సంపుటాలు వచ్చాయి. దేశం అదిరిపడింది. ఋషి అనుకొన్నవాడు ఇంట్లో ముక్కోపి, తన అజీర్తి తప్ప మరొకరి నొప్పి ఎరుగనివాడు అని చదివి భక్తులు మండిపడ్డారు. కార్లైల్ మీద కాదు, ఫ్రూడ్ మీద. వృద్ధాప్యంలో కార్లైల్ ఇల్లు చూచుకొన్న మేనకోడలు, ఆ కాగితాలు తనకే ఇచ్చాడని వాదించి పత్రికలకెక్కింది.

అన్నిటిలోకి చిత్రమైన విషయం మరొకటి ఉన్నది. 1838లో, సర్ వాల్టర్ స్కాట్ చరిత్రను అతని అల్లుడు లాక్‌హార్ట్ దాపరికం లేకుండ వ్రాశాడని లోకం నిందించినప్పుడు, లాక్‌హార్ట్ పక్షాన నిలిచి, ఆంగ్లేయుల జీవితచరిత్రలన్నీ మర్యాదల మెత్తదనంతో చచ్చుబడి ఉన్నాయని ఎత్తిపొడిచినవాడు కార్లైలే. ఆ మాటలనే ఫ్రూడ్ తన గ్రంథం ముందు పెట్టుకొన్నాడు. గురువు చెప్పిన పాఠమే గురువు మీద ప్రయోగించాడు.

అయితే ప్రియం కాని సత్యం పలకరాదన్న నీతి ఏమి కావాలి? పోయినవారి మీద దయ చూపవలసిందే. కాని ఇక్కడ పోయినవారు ఇద్దరు. ఒకరు మరొకరిని బాధపెట్టారు. కార్లైల్ మీద దయతో నోరు మూసుకొంటే జేన్ పట్ల నిర్దయ అవుతుంది. ఆమెకు బిడ్డలు లేరు, గ్రంథాలు లేవు, ఆమె పక్షాన మాట్లాడే శిష్యులు లేరు. మంచిమాటలే చెప్పాలన్న మర్యాద, పోయినవారిలో పేరున్నవారికే అక్కరకు వస్తుంది. ఆ మర్యాదే నెగ్గి ఉంటే జేన్ గొప్పవాని చిరాకుపడే భార్యగా మిగిలేది. ఇప్పుడు ఆమె ఉత్తరాలు ఆంగ్లభాషలోని మేలైన ఉత్తరాల్లో లెక్కింపబడుతున్నాయి. 1970 నుంచి దంపతుల ఉత్తరాలన్నీ కలిపి పండితులు సంపుటాల మీద సంపుటాలుగా వెలువరించారు. ఆ గౌరవానికి తలుపు తీసినది ఫ్రూడే.

దీనికి ఎదురు వాదమూ బలమైనదే. ఆ దినచర్యను జేన్ దాచుకొన్నది. ఎవరికీ ఇవ్వలేదు. కార్లైల్ ఆమెను అడగలేదు, ఫ్రూడ్ ఆమెను అడగలేదు. అడగడానికి ఆమె లేదు. ఆమెకు న్యాయం చేస్తున్నామని ఇద్దరు మగవారు కలిసి ఆమె కన్నీటిని అంగడిలో పెట్టారు. ఆమె బ్రతికి ఉంటే ఒప్పుకొనేదా? ఉత్తరాల్లో తన కష్టాలను తానే హాస్యంగా చెప్పుకొని నవ్వించడం ఆమె పద్ధతి. ఆ నవ్వును ఫ్రూడ్ సరిగా వినలేదని, వేళాకోళాన్ని కూడ విలాపంగా వ్రాశాడని అనిపించే చోట్లు ఉన్నాయి. ఇక్కడ ఫ్రూడ్ పక్షం వహించడం సులభం కాదు.

ఇంతకంటె పెద్ద దోషం ఆ పాత వ్యాధే. అమెరికాలో కార్లైల్ మిత్రుడైన చార్లెస్ ఎలియట్ నార్టన్ 1887లో స్మృతులను మరల అచ్చువేస్తూ, ఫ్రూడ్ ప్రతిలో మొదటి అయిదు పుటల్లోనే 130కి పైగా సవరణలు అవసరమైనాయని చూపాడు. వీటిలో చాలభాగం విరామచిహ్నాలు, అక్షరాలు, చిన్న చిన్న మాటలు. కార్లైల్ చేతివ్రాత పోల్చుకోవడం కష్టం కూడ. కాని ఆ 1866 నాటి నిషేధవాక్యాన్ని ఫ్రూడ్ అచ్చువేయకుండ వదిలివేశాడన్న సంగతి చిన్నది కాదు. కార్లైల్ తరువాత నోటిమాటగా దానిని రద్దు చేశాడని ఫ్రూడ్ సమాధానం. అది నిజమే కావచ్చు. అట్లయితే ఆ వాక్యాన్ని అచ్చువేసి, దాని క్రింద ఈ సమాధానం వ్రాస్తే సరిపోయేది. మంచిమాట చెప్పేవాడు తేదీ తప్పితే ఎవరూ పట్టించుకోరు. నొప్పించే నిజం చెప్పడానికి పూనుకొన్నవానికి అక్షరం తప్పే హక్కు లేదు. ఆ ఒక్క తప్పు పట్టుకొని, తొంభై తొమ్మిది నిజాలను కూడ లోకం కొట్టివేస్తుంది. నిజానికి ఫ్రూడ్ చేసిన అపకారం కార్లైల్‌కు కాదు, తాను చెప్పదలచిన నిజానికే.

ఆయన నిజాయితీకి మరొక పరీక్ష వేరొక చోట జరిగింది. వెస్టిండీసు దీవుల్లో పర్యటించి వచ్చి, అక్కడి నల్లవారికి స్వపరిపాలన తగదని 1888లో పుస్తకం వెలువరించాడు. కొన్ని వారాల ప్రయాణం, దొరల ఇండ్లలో విందులు, ఒక జాతి మొత్తం మీద తీర్పు. ట్రినిడాడ్‌కు చెందిన జె. జె. థామస్ అనే బడిపంతులు 1889లో ‘ఫ్రూడాసిటీ’ అని పేరుపెట్టి గ్రంథమంతటితో దానికి జవాబు చెప్పాడు. ముప్ఫై యేండ్లు ఎరిగిన మిత్రుని గురించి వ్రాసేటప్పుడు రాత్రులు నిద్రపట్టక తర్కించుకొన్న మనిషి, ఎరుగని జనం గురించి వ్రాసేటప్పుడు తర్కించుకోనే లేదు. కార్లైల్ పక్షాన దేశమంతా కేకలు వేసింది; దీవుల వారి పక్షాన ఒక్క బడిపంతులు వ్రాయవలసివచ్చింది.

ఫ్రూడ్‌ను సమర్థించినవారు లేకపోలేదు. కార్లైల్ వీలునామాకు ఆయనతో పాటు నిర్వాహకుడుగా ఉన్న సర్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, కాగితాల వ్యవహారమంతా చూచినవాడు, 1886లో ఫ్రూడ్ ప్రవర్తనలో లోపం లేదని సుదీర్ఘమైన లేఖ వ్రాశాడు. ఈ స్టీఫెన్ పేరు మన న్యాయవాదులకు కొత్త కాదు. 2024 వరకు ఈ దేశపు న్యాయస్థానాల్లో అమలులో ఉండిన 1872 నాటి సాక్ష్య చట్టాన్ని రూపొందించినవాడు ఆయనే. సాక్ష్యమంటే ఏమిటో తెలిసిన మనిషి మాట. ఆ మాటకు అప్పుడు విలువ ఇచ్చినవారు తక్కువ.

1887లో ఫ్రూడ్ తన సంజాయిషీ తానే వ్రాసుకొన్నాడు. కార్లైల్ దాంపత్యంలోని మరింత అంతరంగికమైన సంగతి ఒకటి, భర్త చేతిలో జేన్ మణికట్టు కమిలిన సంగతి మరొకటి అందులో ఉన్నాయి. ఈ రెండూ తెలిసి ఉండి కూడ ఆయన తన గ్రంథాల్లో వ్రాయలేదు. అన్నీ బయటపెట్టాడని లోకం ఎవరిని తిట్టిందో, అతడు అన్నీ బయటపెట్టలేదు. అవి చెప్పి ఉంటే తన మీది నింద కొంత తగ్గేది. చెప్పకుండ ఆ కాగితాలను పెట్టెలో పెట్టి, 1894 అక్టోబరులో కన్నుమూశాడు.

1903లో కార్లైల్ బంధువులు జేన్ ఉత్తరాలు మరికొన్ని అచ్చువేస్తూ, పీఠికలో ఫ్రూడ్‌ను మోసగాడన్నంత పని చేశారు. అప్పుడు ఫ్రూడ్ కుమారుడు, కుమార్తె ఆ పెట్టె తెరచి తండ్రి వ్రాత బయటికి తీశారు. చనిపోయిన తండ్రి కాగితాలు. అచ్చువేయమన్న ఆజ్ఞ లేదు. వేస్తే మరొకరి ఇంటి గుట్టు బయటపడుతుంది, వేయకపోతే తండ్రి పేరు పోతుంది. ముప్ఫై రెండేండ్ల క్రిందట ఒక వృద్ధుడు తెచ్చి ఇచ్చిన కట్టను చేతిలో పట్టుకొని తండ్రి నిలిచిన చోటనే వాళ్ళూ నిలిచారు. ఆ యేడే దానిని అచ్చువేయించారు.